మద్రాసు దాకా పోద్దా?

నెల్లూరులో ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్‌లోకి అడుగుపెట్టిన పెద్దమనిషి ముందుగా ధర అడగడు. సర్వీస్ సెంటర్ ఎక్కడుందో అంతకన్నా అడగడు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, సీటు మీద రెండు చరుపులు చరిచి, గంభీరంగా ఒకే ప్రశ్న వేస్తాడు.

"మద్రాసు దాకా పోద్దా?"

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దని మనవి. ఇందులో జిల్లా పరువు ఉంది. అడిగిన మనిషి బైకు మీద మద్రాసు పోయిన పాపాన పోలేదు, పోయే ఉద్దేశమూ లేదు. పెళ్లి పట్టుచీరలకైనా, కంటి ఆపరేషన్‌కైనా పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కిటికీ పక్క సీటు కోసం ఓ చిన్న తగాదా పెట్టుకుని, మూడు గంటలు అటూ ఇటూగా అక్కడ దిగుతాడు. ఆయన రోజువారీ యాత్రంతా వేదాయపాళెం నుంచి ట్రంకు రోడ్డుకి, ట్రంకు రోడ్డు నుంచి వేదాయపాళేనికి. సాయంత్రం బుద్ధి పుడితే మాగుంట లేఔట్‌లో ఒక టీ. అంతా కలిపినా 20 కిలోమీటర్లు దాటదు. అయినా సరే, బండికి మాత్రం 175 కిలోమీటర్ల దూరంలో ఉన్న మద్రాసు చేరే సత్తా ఉండాలి. పోతామా లేదా అన్నది మన ఇష్టం. పోలేని బండి ఇంటి ముందు ఉంటే ఎదురింటివాళ్లు ఏమనుకుంటారు?

ఇదే పెద్దమనిషి దగ్గరున్న పెట్రోలు బండి సంగతి చూడండి. ట్యాంకు నింపించిన రోజు ఆయనకే గుర్తులేదు. ఎప్పుడూ వంద రూపాయలే కొట్టిస్తాడు. ఆ వందకు మన రాష్ట్రంలో లీటరు కూడా రాదు. అంటే ఇన్నేళ్ల సంసారం యాభై కిలోమీటర్ల రేంజ్‌లోనే నడిచింది. రిజర్వులో పడ్డాక కూడా ఇంకో రెండ్రోజులు ధీమాగా తిరుగుతాడు. నడిరోడ్డు మీద ఆగిపోతే దిగి, బండిని ఎడమ పక్కకి ఒంచి, ట్యాంకు మూత తీసి లోపలికి ఉఫ్ మని ఊది, మళ్లీ కిక్కు కొడతాడు. అప్పుడెన్నడూ రాని టెన్షన్, 150 కిలోమీటర్లు పోతుందని కొన్న బండి స్క్రీన్ మీద 40 శాతం చూపించగానే ముంచుకొస్తుంది. దానికి కారణం శాస్త్రీయమే. బ్యాటరీని ఒంచలేం, ఊదలేం.

ఇక మార్కెట్లో అంకెలు. ఒక్కసారి ఫుల్‌గా ఛార్జ్ చేస్తే పోయే దూరం, అదే రేంజ్, కంపెనీలు చెప్పుకునే లెక్కలో రివోల్ట్ ఆర్‌వీ400కి 150 కిలోమీటర్లు, ఒబెన్ రోర్‌కి 187, అల్ట్రావయొలెట్ ఎఫ్77 మాక్ 2లో పెద్ద బ్యాటరీ ఉన్నదానికి 323, ఓలా రోడ్‌స్టర్ ఎక్స్ ప్లస్‌లో అన్నిటికన్నా పెద్ద బ్యాటరీ దానికి 501. ఈ 501 చెవిన పడగానే మనవాడి కళ్లు మెరుస్తాయి. పొద్దున్నే మద్రాసు పోయి, నెల్లూరు తిరిగొచ్చి, ఆగకుండా అటునుంచటే ఒంగోలులో అత్తగారింట్లో భోజనానికి దిగొచ్చు. ఇంకా ఓ ముప్పై కిలోమీటర్లు మిగులుతుంది, మిర్చి బజ్జీలకు పోయిరావచ్చు.

కాకపోతే ఆ అంకె పక్కన చీమంత చుక్క ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకుని కాగితం అడుగుదాకా వెళ్తే "ఐడీసీ ప్రకారం" అని రాసుంటుంది. ఐడీసీ అంటే ఇండియన్ డ్రైవింగ్ సైకిల్. 108 సెకన్ల కార్యక్రమం. బండిని రోలర్ల మీద నిలబెట్టి, ఒక పద్ధతి ప్రకారం వేగం పెంచుతూ తగ్గిస్తూ, మధ్యమధ్య ఆపుతూ, బ్యాటరీ పడిపోయేదాకా అదే మళ్లీ మళ్లీ చేస్తారు. అందులో గరిష్ఠ వేగం గంటకు 42 కిలోమీటర్లు, సగటు 22 కూడా ఉండదు. వెనక సీట్లో మనిషి లేడు, ముందు గోనె సంచీ లేదు, రోడ్డుకి అడ్డంగా పడుకుని నెమరేసే గేదె లేదు. ఇంత సాత్వికంగా బండి నడిపే మనిషి పెన్నకి ఇవతల గానీ అవతల గానీ ఉన్నట్టు దాఖలాలు లేవు.

ఆ సగటు వేగంతోనే లెక్క కట్టి చూడండి. 187 కిలోమీటర్లు రావాలంటే ఎనిమిదిన్నర గంటలు బండి మీదే ఉండాలి. 323కి పద్నాలుగున్నర దాటుతుంది. 501 పూర్తిగా వసూలు చేసుకోవాలంటే దాదాపు 23 గంటలు. మద్రాసుకే ఎనిమిది గంటలు పడుతుంది. మనతోపాటు బయల్దేరి పినాకినీలో పోయినవాడు టీనగర్‌లో పని చూసుకునేలోపు మనం సూళ్లూరుపేట దాటి, తడ దగ్గర చెట్టు కింద నడుం పట్టుకుని నిలబడి ఉంటాం.

అలాగని కంపెనీలు అబద్ధం చెప్పాయనను. పరీక్ష అందరికీ ఒకటే కాబట్టి ఏ బండి ఎక్కువ పోతుందో పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. పక్కింటివాడికి చెప్పుకోవడానికి ఇంకా బాగా పనికొస్తుంది. ప్రయాణానికే కాస్త ఇబ్బంది.

నిజం చెప్పిన పాపం ఆర్‌వీ400 లెక్కల్లో కనిపిస్తుంది. 45 వేగం దాటనివ్వని ఎకో మోడ్‌లో 150 కిలోమీటర్లు, 65 దాకా పోనిచ్చే నార్మల్‌లో 100, 85 దాకా పోనిచ్చే స్పోర్ట్‌లో 80. ఒకే బండి, ఒకే బ్యాటరీ, మూడు ఆయుర్దాయాలు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది, అక్కడ పోతుంది కరెంటంతా. ఆ బండి బ్యాటరీ 3.24 కిలోవాట్ అవర్లు, అంటే మన మీటరు భాషలో మూడుంబావు యూనిట్లు. స్పోర్ట్‌లో యూనిట్‌కు 25 కిలోమీటర్లు వచ్చినట్టు. హైవే మీద మనవాళ్ల చెయ్యి ఎటు తిరుగుతుందో తెలిసిందే కాబట్టి, ఏ బండికైనా ఉజ్జాయింపుగా ఈ 25తోనే గుణించుకోమంటాను. 4.4 యూనిట్ల రోర్‌కి 110 వస్తుంది. ఒంగోలు 120 అనుకుంటే, టంగుటూరు దాటాక ఎక్కడో బండి దిగి నడవాలి. 10.3 యూనిట్ల ఎఫ్77కి 250 పైమాటే, మద్రాసు చేరుతుంది. ధర నాలుగు లక్షలకు దగ్గర. ఆ డబ్బుతో పినాకినీలో జీవితకాలం తిరగొచ్చని ఇంట్లో ఆడవాళ్లు అనొచ్చు. పరువు విషయాల్లో వాళ్లకు అవగాహన తక్కువని సర్దిచెప్పుకోవాలి, గొంతు బాగా తగ్గించి.

ఈ గందరగోళానికి శాశ్వత పరిష్కారంగా ఐడీసీని పక్కనబెట్టి ఎన్‌డీసీ, అంటే నెల్లూరు డ్రైవింగ్ సైకిల్ తేవాలని ప్రభుత్వానికి విన్నవిస్తున్నాను. రోలర్లు వద్దు. పరీక్ష రోహిణి కార్తెలో, మధ్యాహ్నం రెండింటికి కోవూరులో మొదలవ్వాలి. బండి మీద భర్త, భార్య, ఇద్దరి మధ్య ఒక పిల్లవాడు, ముందు పాతిక కేజీల బియ్యం మూట. పెన్నా బ్రిడ్జి మీద ఎదురుగాలి. ట్రంకు రోడ్డులో బట్టల షాపు ముందు ఆపి, "ఐదే నిమిషాలు" అని లోపలికెళ్లినవాళ్లు బయటికొచ్చేదాకా స్క్రీన్ వెలుగుతూనే ఉండాలి. అక్కణ్నుంచి చిన్నబజారులో అడుగుకొక బ్రేకు.

ఇవన్నీ చిల్లర పరీక్షలు. అసలైనది బావ పరీక్ష. కొత్త బండి వచ్చిన ఇంటికి ఆదివారం బావ రాక తప్పదు. కాఫీ తాగి, కప్పు కిందపెడుతూ, "ఏదీ తాళం, ఒక రౌండేసొస్తా" అంటాడు. బండి గేటు దాటేటప్పుడు 62 శాతం ఉంటుంది. రౌండు అంటే వీధి చివరిదాకా అని ఓనరు నమ్మకం. బావ నమ్మకం మైపాడు బీచ్. అదీ ఎకోలో కాదు, వంశంలో ఎవరూ ఎకోలో నడపలేదు. సముద్రం చూసి, వేడివేడి చేపలు తిని, తిరిగొచ్చి 9 శాతంతో తాళం చేతిలో పెడుతూ తీర్పు చెప్తాడు. "బాగానే ఉంది గానీ బావా, సౌండే లేదు." ఈ పరీక్షకు తట్టుకున్న బ్యాటరీకే ధ్రువపత్రం ఇవ్వాలి.

ఉమ్మడి ప్రకాశం జిల్లావాళ్ల కోసం వేరే నియమావళి అవసరం. నల్లమల పక్కనున్నవాళ్లు మద్రాసు ఊసెత్తరు, "దోర్నాల ఘాట్ ఎక్కి శ్రీశైలం పోద్దా?" అంటారు. ఎక్కేటప్పుడు తాగిన కరెంటులో దిగేటప్పుడు కొంతే వెనక్కి వస్తుంది. మిగతాది స్వామికి సమర్పయామి.

అంతవరకూ ఓపిక లేనివాళ్లకు మన బారాషహీద్ దర్గా ఉండనే ఉంది. స్వర్ణాల చెరువులో నిలబడి ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సొంతింటి రొట్టె పట్టుకునే చోట రేంజ్ రొట్టె కూడా మొదలైతే, దానికీ పెద్ద క్యూనే ఉంటుంది. కోరిక తీరినవాళ్లు వచ్చే ఏడాది రొట్టె తెచ్చి వదలాలి కాబట్టి, ఏ కంపెనీ బండి ఎంత పోతోందో చెరువు గట్టు మీదే తేలిపోతుంది.

చివరిగా ఒక్క సాంకేతిక వివరం. ఎన్‌డీసీ ఫలితాన్ని కిలోమీటర్లలో ఇవ్వనక్కర్లేదు. చుక్కలు, కింద చిన్నక్షరాలు అసలే వద్దు. బండి ముందు మడ్‌గార్డు మీద మూడింట్లో ఒక ముద్ర వేస్తే చాలు: "కావలి పోయొస్తది", "కావలి పోద్ది, రాదు", "బస్టాండు దాకా దింపుద్ది".