పడవ మీద మేడ కడుతున్నారా? ముందు తూకం వేయండి

పడవ మోడల్స్ చేసేవాళ్లు పెట్టే ఫోటోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మోటారు ఏది వేశారో, బ్యాటరీ ఎంతసేపు వస్తుందో, రిమోట్ ఎంత దూరం పనిచేస్తుందో అన్నీ చెప్తారు. పైన ఉండే క్యాబిన్లు, డ్రైవరు గది, రైలింగు, అదే సూపర్‌స్ట్రక్చర్ అంటామే, దాన్ని మాత్రం ఇంట్లో మిగిలిన ప్లైవుడ్ ముక్కలతో లాగించేస్తారు. తర్వాత పడవ పల్టీ కొడితే గాలిని తిడతారు.

నేనూ ఆ బాపతే లెండి. సాగర్ నుంచి నాగార్జునకొండకు జనాన్ని తీసుకెళ్లే లాంచీ లాంటిది 24వ వంతు సైజులో చేద్దామని మొదలుపెట్టి, క్యాబిన్ మొత్తం 3 మి.మీ. ప్లైవుడ్‌తో కట్టాను. తలుపు కొడితే టకటకమనేంత గట్టిగా వచ్చింది. పానగల్ ఉదయసముద్రంలో వదిలితే పది అడుగులు పోయింది, మలుపు తిప్పగానే పక్కకు ఒరిగింది, ఇక లేవలేదు. గట్టు మీద మేకలు కాస్తున్న పెద్దాయన "ఏంది బిడ్డా, తాగి తోలినట్టుంది" అన్నాడు.

ఇంటికొచ్చాక లెక్క వేస్తే సిగ్గేసింది. పొడవు 24 వంతుల్లో ఒక వంతైతే బరువు 24 ఇంటూ 24 ఇంటూ 24, అంటే 13,824 వంతుల్లో ఒక వంతు కావాలి. అసలు లాంచీ 50 టన్నులు అనుకుంటే మోడల్ మొత్తం, బ్యాటరీతో సహా, 3.6 కిలోలు. అందులో పైన పెట్టే ప్రతి వంద గ్రాములూ పడవను వాల్చడానికే చూస్తాయి. అందుకే క్యాబిన్‌కు ప్లైవుడ్ బదులు స్టైరీన్ అనే ప్లాస్టిక్ షీటు వాడాలి: 1 మి.మీ. షీటు చదరపు మీటరుకు కిలో కంటే కాస్తే ఎక్కువ, 3 మి.మీ. ప్లైవుడ్ దానికి దాదాపు రెట్టింపు.

షీటు దగ్గరే ఇంకో తిప్పలు. నల్లగొండలో ప్లాస్టిక్ షీటు అంటే ఫ్లెక్స్ షాపు తమ్ముడు సన్‌బోర్డు చేతిలో పెడతాడు. అది నురగ పీవీసీ, తేలికే, కానీ కోసిన అంచు బొరుగులా కనిపిస్తుంది, సన్న కిటికీ చట్రాలు నిలవవు. మీకు కావాల్సింది హై ఇంపాక్ట్ పాలీస్టైరిన్, పైన చెప్పిన స్టైరీన్ షీటు అదే. దీన్ని పూర్తిగా కోయక్కర్లేదు. స్టీల్ స్కేలు పెట్టి కట్టర్‌తో రెండు మూడుసార్లు తేలిగ్గా గీసి వంచితే, అద్దాల షాపులో అద్దం విరిచినట్టు టక్కున గీత మీదే విరుగుతుంది. కిటికీలు మాత్రం గోడ నిలబెట్టక ముందే, షీటు బల్ల మీద పరిచి ఉండగానే కోయాలి. నాలుగు మూలల్లో ముందు చిన్న రంధ్రాలు వేసుకుంటే కట్టర్ గీత దాటి పోదు. గోడలు అంటించాక కిటికీ కోస్తానన్న మా బామ్మర్ది ఇప్పటికి మూడు గోడలు పారేశాడు.

అతికించడానికి క్విక్ గమ్ వద్దు. ప్లాస్టిక్‌ను కరిగించే ద్రావకం కావాలి. రెండు ముక్కలూ పట్టుకుని సందులో సన్న బ్రష్‌తో చుక్క తాకిస్తే అదే లోపలికి పాకుతుంది, అంచులు కరిగి ఒకటైపోతాయి. మీ గది కిటికీలు, తలుపులు తెరిచి పెట్టుకోండి, ఆ ఆవిరి మంచిది కాదు. నాలుగు వైపులా మూసేసిన పెట్టెలాంటి భాగం ఉంటే కనబడని చోట రంధ్రం వేయాలి, లేకపోతే ఆవిరి లోపలే ఉండిపోయి కొన్నాళ్లకు గోడ మెత్తబడి గుంట పడుతుంది. నాకు పడింది, పుట్టీ పెట్టి సర్దాను.

క్యాబిన్ మొత్తాన్నీ డెక్‌కు, అంటే పడవ పైతలానికి, అంటించేయకండి. డెక్ మీద తెరిచి ఉంచిన చోటు చుట్టూ చిన్న గట్టు కట్టి, అటుకుల డబ్బా మూతలా పైనుంచి దిగేలా చేస్తే నీళ్లు లోపలికి పోవు, బ్యాటరీ మార్చడానికి ఊడదీయొచ్చు.

ఇక ఎండ. మే నెలలో ముదురు నీలం రంగు వేసిన పైకప్పును మధ్యాహ్నం మూసిన కారులో వదిలేస్తే సాయంత్రానికి అప్పడంలా ముడుచుకుంది. కొత్తది వేశాను, ఈసారి లోపల అడ్డపట్టీలు ఎక్కువ పెట్టి, తెల్ల రంగు వేశాను. రైలింగు ఇంకా మిగిలింది. 42 మి.మీ. ఎత్తు రావాలి, మా చిన్నదేమో అగ్గిపుల్లలు పెట్టమంటోంది.