‘50 గ్రాముల గ్యాసే కదా’ అని వెల్డింగ్ మొదలుపెట్టకండి

ఫ్రిజ్ రిపేర్ గురించి ఒక మెసేజ్ అందరూ షేర్ చేస్తున్నారు. ‘ఆర్600ఎ ఫ్రిజ్‌లో ఉండేది 50 గ్రాముల గ్యాసే. కిటికీ తెరిచి పైపు కోసేయండి, గ్యాస్ పోయాక మామూలుగా వెల్డింగ్ చేసుకోండి. ఇంకా ఉంటే వాసనే చెప్తుంది. గ్యాస్ దొరక్కపోతే వంట గ్యాస్ ఎక్కించండి’ అని. ఇది నమ్మి ఎవరైనా వెల్డింగ్ టార్చ్ వెలిగిస్తారేమోనని నాకు భయంగా ఉంది.

50 గ్రాములు నిజమే. చాలా ఇంటి ఫ్రిజ్‌లలో అంతకు అటూ ఇటుగానే ఉంటుంది. ఏ రిపేరూ లేకుండా నడుస్తున్న ఫ్రిజ్‌ను చూసి టెన్షన్ పడక్కర్లేదు కూడా. కానీ ఫ్రిజ్‌ను చల్లబరిచే ఈ ఆర్600ఎ అంటే ఐసోబ్యుటేన్, మండే గ్యాస్. బయటికొస్తే 50 గ్రాములు సుమారు 20 లీటర్ల గ్యాస్ అవుతుంది. గాలిలో 1.8 శాతం కలిస్తే చాలు, అంటుకుంటుంది. అంటే వెయ్యి లీటర్లకు పైగా గాలిని మండేలా చేయగలదు. పైగా గాలి కంటే రెండింతలు బరువు. ఎత్తులో ఉన్న కిటికీ తెరిచినా, మనం కూర్చుని పనిచేసే చోటే, నేల మీదే పరుచుకుంటుంది.

అసలు ప్రమాదం ‘గ్యాస్ పోయాక’ అన్న మాటలో ఉంది. బుస్సుమనే శబ్దం ఆగితే లోపలి ఒత్తిడి బయటి గాలితో సమానమైందని మాత్రమే అర్థం. పైపుల్లో గ్యాస్ ఉంటుంది, కంప్రెసర్ ఆయిల్‌లో కరిగి ఇంకొంత ఉంటుంది. వేడి తగిలితే అదీ బయటికొస్తుంది. అందుకే ముందు ప్లగ్ తీసి, గ్యాస్‌ను రికవర్ చేసి (సిలిండర్‌లోకి పట్టి) లేదా గొట్టంతో ఆరుబయటికి పంపి, పంపుతో వాక్యూమ్ లాగి, నైట్రోజన్‌తో ఫ్లష్ చేయాలి. పైపును కట్టర్‌తోనే కోయాలి, మంటతో కాదు. మంట అవసరం లేకుండా నొక్కి బిగించే ప్రెస్ జాయింట్లు ఉన్నాయి, నేనైతే వాటికే ఓటేస్తాను.

వాసనను నమ్ముకోవద్దు. వంట గ్యాస్‌కు వాసన విడిగా కలుపుతారు, ఫ్రిజ్ గ్యాస్‌కు కలపరు. మండే గ్యాస్‌లకు పనికొచ్చే డిటెక్టర్‌ను నేలకు దగ్గరగా, పని పూర్తయ్యే వరకు ఆన్‌లోనే ఉంచాలి.

ఇక వంట గ్యాస్. అది ప్రొపేన్, బ్యుటేన్‌ల మిశ్రమం, ఒత్తిడి వేరు. అందులోని తేమ క్యాపిలరీ అనే సన్నటి గొట్టంలో గడ్డకట్టొచ్చు. మండని ఆర్134ఎ గ్యాస్‌తో నడిచే పాత ఫ్రిజ్‌లోకి ఎక్కిస్తే ఇంకా ప్రమాదం. లోపల లీకైతే మూసిన తలుపు వెనక గ్యాస్ నిండిపోతుంది, ఆన్-ఆఫ్ అయ్యేటప్పుడు నిప్పురవ్వ వచ్చే ఆ ఫ్రిజ్ థర్మోస్టాట్‌ను మండే గ్యాస్ మధ్య పనిచేయడానికి తయారుచేయలేదు.