మెరూన్ దుప్పటికి దక్కని గౌరవం

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌కి కూతవేటు దూరంలో మా పెదమావయ్యకి ఒక లాడ్జి ఉంది. పద్దెనిమిది గదులు, ఒక మెట్ల దారి, మెట్ల కింద నీళ్ల మోటారు, మోటారు పక్కన నిద్రపోయే వాచ్‌మన్. ముప్పై ఏళ్లుగా నడుపుతున్నాడు, ముప్పై ఏళ్లుగా తిట్లు తింటున్నాడు. నీళ్లు పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకానే వస్తాయని తిట్లు, సబ్బు అగ్గిపెట్టెలో పట్టేంత ఇచ్చాడని తిట్లు, తువ్వాలు అడిగితే "తెచ్చుకోలేదేటి బాబూ?" అని ఎదురు అడుగుతాడని తిట్లు. ఆయన పిసినారి అన్న విషయంలో మా చుట్టాలందరిదీ ఒకే మాట. నాదీ అదే మాట, మొన్న ఎండాకాలం దాకా.

మొన్న ఎండాకాలం మా మేనత్త మనవరాలి పెళ్లి హైవే పక్కన కొత్తగా లేచిన ఒక పెద్ద హోటల్లో చేశారు. పేరెందుకులెండి, పెళ్లివారు నొచ్చుకుంటారు. మనకి చిన్నప్పట్నుంచీ హోటలంటే ఇడ్లీ, లాడ్జంటే పడక, ఆ రెండిటికీ సంబంధం ఉండేది కాదు, ఇప్పుడు రెండూ ఒకే కప్పు కింద చేరి, పైన ఈతకొలను కూడా పెట్టుకుని, మళ్లీ హోటలనే పిలిపించుకుంటున్నాయి. సరే, గది తలుపు తెరవగానే మంచం మీద మల్లెపువ్వు లాంటి తెల్ల దుప్పటి, దిండు మీద అరచేయంత ఆకుపచ్చ కార్డు. కార్డు మీద ఒక ఆకు, ఒక నీటిచుక్క, మూలన రెండు గూడకొంగలు. తేలినీలాపురం కొంగలే అయ్యుంటాయి. ఏటా మన జిల్లాకి వచ్చి, చింతచెట్టు మీద సొంత ఖర్చుతో గూడు కట్టుకుని, పిల్లల్ని పెంచుకుని, తువ్వాలు అడక్కుండా వెళ్లిపోయే అతిథులు వాటికన్నా ఎవరున్నారు, హోటలు వాళ్లు ముచ్చటపడ్డారంటే తప్పేముంది.

"ప్రియమైన అతిథీ, భూమాతను రక్షించుటలో మాతో చేయి కలపండి. మీ తువ్వాలును కొక్కెమునకు తగిలించినచో మళ్లీ వాడుదురని, నేలపై వదిలినచో మార్చవలెనని మేము గ్రహించెదము." ఇదీ కార్డు. నీళ్లలో నానేసినా చెక్కుచెదరకుండా దళసరి ప్లాస్టిక్‌తో లామినేషన్ చేయించారు. భూమి పోయినా కార్డు ఉంటుంది.

నేను గట్టిగా చదివి వినిపించాను. మా ఆవిడ పెట్టె సర్దుకుంటూ తల కూడా ఎత్తకుండా, "అంటే ఉతకరన్నమాట" అంది.

తమాషా ఏమిటంటే, మా ఆవిడ రెండు ముక్కల్లో తేల్చిన ఈ సంగతి మీద జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికా పర్యావరణవేత్త 1986లో ఏకంగా వ్యాసం రాశాడు. భూమి పేరు చెప్పి లాండ్రీ ఖర్చు మిగుల్చుకునే విద్యకి 'గ్రీన్‌వాషింగ్' అని పేరు పెట్టాడు. ఇవాళ చమురు కంపెనీల మీదా కార్ల కంపెనీల మీదా విసురుతున్న అంత పెద్ద మాటకి పుట్టిల్లు హోటలు బాత్రూములో తువ్వాలు కొక్కెం.

సాయంత్రం పెదమావయ్య మా గదికొచ్చాడు. కార్డు తీసి, కళ్లజోడు సర్దుకుని, రెండుసార్లు చదివి, మెల్లగా మంచం మీద కూలబడ్డాడు.

"ఇది అచ్చేయించడానికి ఎంతవుతాదిరా?"

"లామినేషన్‌తో కలిపి ఓ పది రూపాయలు పడతాదేమో మావయ్యా."

"పది రూపాయల కార్డు లేక ముప్పై ఏళ్లు తిట్లు తిన్నానేట్రా!"

ఆ మాటతో నా కళ్లు తెరుచుకున్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టక, ఆయన లాడ్జిని ప్రపంచ స్థాయి కొలతలతో మనసులోనే తనిఖీ చేశాను. తేలిందేమిటో కాస్త శ్రద్ధగా వినండి.

ముందు దుప్పటి. పెద్ద హోటళ్లన్నిటికీ తెలుపు పిచ్చి. తెలుపు మీద టీ చుక్క పడినా కనిపిస్తుంది, కాబట్టి వేడినీళ్లు కావాలి, బ్లీచింగు కావాలి, మళ్లీ కడగడానికి మళ్లీ నీళ్లు కావాలి. మా మావయ్య మొదటి రోజు నుంచీ మెరూన్ రంగు మీదే నిలబడ్డాడు. టీ పడినా, కిళ్లీ మరక పడినా, మంచంలో నల్లి ప్రాణత్యాగం చేసినా మెరూన్ దుప్పటి అన్నిటినీ తనలో కలిపేసుకుని మౌనంగా ఉంటుంది. దాన్ని ఎప్పుడు ఉతికారో దానికీ మావయ్యకీ తప్ప మూడో మనిషికి తెలియదు. ముప్పై ఏళ్లలో ఆ దుప్పటి నాగావళికి ఎన్ని నీళ్లు మిగిల్చిందో ఎవరైనా లెక్కకట్టారా? కట్టరు.

నీళ్ల మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. హోటల్లో షవరు పెద్ద జల్లెడంత ఉంది. వేడినీళ్లు కావాలంటే ముందు పైపులో ఉన్న చన్నీళ్లు వదలాలి. నాకు ప్రాణం ఒప్పక, బకెట్టు కోసం వెతికి, బకెట్టు అనే వస్తువే ఆ గదిలో లేదని తెలుసుకుని, చెత్తబుట్ట ఖాళీ చేసి షవరు కింద పెట్టాను. బుట్ట నిండింది, నీళ్లు ఇంకా గోరువెచ్చగా కూడా కాలేదు. నిండిన బుట్ట పట్టుకుని ఏం చేయాలో తోచక కాసేపు అలాగే నిలబడి, చివరికి కమోడ్‌లో పోశాను. మావయ్య లాడ్జిలో ఈ బాధే లేదు. ఒక బకెట్టు, ఒక మగ్గు. ఎనిమిది దాటితే అదీ లేదు.

ఈమధ్య పెద్ద హోటలు కంపెనీలు షాంపూ చిన్న సీసాల మీద పడ్డాయి. 2019లో మారియట్ వాళ్లు, ఐహెచ్‌జీ వాళ్లు చిన్న సీసాలు మానేసి పెద్ద సీసాలు పెడతామని ప్రకటించారు, కాలిఫోర్నియాలోనైతే చట్టమే చేసి, 2023 జనవరి నుంచి యాభై గదులు దాటిన హోటళ్లకీ, మరుసటి ఏడాది నుంచి మిగతా వాటికీ చిన్న సీసాలు ఇవ్వకూడదన్నారు. సీసాని గోడకి బిగించడం గొప్ప ఆవిష్కరణట. చలివేంద్రంలో గ్లాసుకి గొలుసు కట్టినవాళ్లం మనం. మావయ్య రిజిస్టర్ దగ్గర పెన్నుకి పురికొస కట్టి ఉంటుంది, మా చిన్నప్పట్నుంచీ అదే పెన్ను, రీఫిల్లే మారుతుంది.

ఇక కార్బన్. హోటళ్లు ఒక రాత్రికి ఒక గది ఎంత కార్బన్ వదిలిందని లెక్క వేసుకుంటాయి. ఈ లెక్కలోనే మనకి అన్యాయం జరుగుతోంది. గదికి కాకుండా తలకి ఎంత అని వేస్తే, రథసప్తమి ముందు రాత్రి అరసవల్లి సూర్యనారాయణమూర్తి దర్శనానికొచ్చి, ఒక డబుల్ రూములో పన్నెండు మంది, ఇద్దరు చంటిపిల్లలు, ఒక ఊరగాయ జాడీ సర్దుకుని పడుకునే మన లాడ్జీలని కొట్టే హోటలు ప్రపంచంలో ఉంటుందా? ఫ్యానుకి కూడా ఒకటే స్పీడు. రెగ్యులేటర్ పోయి అయిదేళ్లయింది.

కొత్త హోటల్లో కరెంటు పొదుపుకి ఏర్పాటు లేదని నేననడం లేదు. తాళం కార్డు గోడలో గూటిలో పెడితేనే లైట్లు, ఏసీ. బయటికెళ్లినప్పుడు కార్డు తీసుకెళ్తాం కాబట్టి అన్నీ వాటంతటవే ఆగిపోతాయి. మా బావమరిది దీనికి విరుగుడు అయిదు నిమిషాల్లో కనిపెట్టాడు. జేబులో ఇన్సూరెన్సు ఏజెంటు ఇచ్చిన విజిటింగ్ కార్డు ఉంటే ఆ గూటిలో దోపాడు. ముహూర్తానికని కిందికెళ్లి, తాళి, తలంబ్రాలు, భోజనాలు, ఫొటోలు అయ్యేసరికి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ ఖాళీ గది చల్లగా విశ్రాంతి తీసుకుంది. నేను చూసి కూడా ఊరుకున్నాను, తిరిగొచ్చి ఆ చల్లదనంలో ముసుగుతన్ని పడుకున్నది నేనే కదా. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్‌తో అమ్మే ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని నిబంధన ఉంది. మొదలవ్వడం అక్కడే మొదలవుతుంది. కింద పెళ్లి హాల్లో మే నెలలో పట్టుచీరల వాళ్లు కొంగు భుజాల చుట్టూ కప్పుకుని వణికారంటే, మొదలైన చోట ఆగలేదనే కదా అర్థం.

అన్నట్టు తువ్వాలు. కార్డు మాట మన్నించి నేను బుద్ధిగా కొక్కేనికి తగిలించి వెళ్లాను. వచ్చేసరికి కొత్తది, హంసలాగ మడత పెట్టి. గదులు శుభ్రం చేసే కుర్రాణ్ని వరండాలో పట్టుకున్నాను.

"తగిలించి ఎల్లేను కదా బాబూ, మార్చేసేవేటి?"

"మార్చకపోతే సూపర్‌వైజర్ తిడతారు సార్. మీరు కావాలని తగిలించారో, అలవాటుగా తగిలించారో మాకెలగ తెలుస్తాది?"

"మరి ఆ కార్డేటి?"

"కార్డు కూడా రోజూ తుడవాలి సార్. దుమ్ముంటే ఫైను."

పద్నాలుగు గదులట ఆ కుర్రాడికి. పద్నాలుగు హంసలు, పద్నాలుగు కార్డులు.

ఇలాంటి కార్డుల మీద అమెరికాలో గోల్డ్‌స్టీన్, చాల్డీనీ, గ్రిస్కెవిషియస్ అనే పరిశోధకులు పనిచేసి 2008లో ఫలితాలు అచ్చువేశారు. భూమిని కాపాడండి అని రాసిన దానికన్నా, "ఈ గదిలో మీకు ముందు దిగినవాళ్లు చాలామంది తువ్వాలు మళ్లీ వాడారు" అని రాసిన కార్డుకే అతిథులు ఎక్కువగా లొంగారట. ఇది మనకెందుకు పనికిరాదో చెప్తాను. మనవాళ్లు తువ్వాలు మళ్లీ వాడరని ఎవరన్నారు? మా చినబావ ఇంట్లో మూడు ఊళ్ల హోటలు తువ్వాళ్లున్నాయి. ఉతికి ఉతికి పేర్లు సగం చెరిగిపోయాయి. ఒంటి తువ్వాలుగా అయిదేళ్లు, గుమ్మంలో కాళ్లపట్టాగా రెండేళ్లు, ఇప్పుడు స్కూటరు తుడిచే గుడ్డగా మూడో జన్మలో ఉన్నాయి. చిక్కల్లా ఒక్కటే, ఇదంతా హోటలు బయట జరుగుతోంది కాబట్టి వాళ్ల లెక్కలోకి రావడం లేదు.

భోజనాల దగ్గర నాకు నవ్వు ఆగిపోయింది. మా చిన్నప్పుడు పెళ్లంటే అడ్డాకు విస్తరే. సీతంపేట కొండల మీంచి ఆడవాళ్లు ఆకు కోసుకొచ్చి, పుల్లలతో కుట్టి, కట్టలు కట్టి సంతకి మోసుకొచ్చేవారు. తిని లేచాక ఎంగిలాకులు గోతిలో పడేస్తే ఆవులు తినగా మిగిలింది ఎరువు. ఆ తర్వాత అది మోటు అనిపించి, ప్లాస్టిక్ పూత పూసిన కాగితం ప్లేట్లు, తెల్లటి ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి, అవి నాగరికం. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు, స్ట్రాలు కేంద్రం నిషేధించింది కాబట్టి, ఇప్పుడు అడ్డాకు మళ్లీ పెద్దింటి ఆడపడుచులా వచ్చింది. హోటల్లో దానికి విడిగా కౌంటరు, ప్లేటుకి విడిగా రేటు. దగ్గరికెళ్లి చూద్దును కదా, పింగాణీ పళ్లెం లోపల సరిపోయేలా ఆకుని గుండ్రంగా కత్తిరించి పరిచారు. ఆకు పారెయ్యాలి, పళ్లెమూ కడగాలి. రెండు ఖర్చులనీ ఇంత అందంగా ఒకదాని మీద ఒకటి పేర్చడం మామూలు వాళ్ల వల్ల కాదు.

నలభై ఒక్క రకాల వంటకాలు, నేనే లెక్కపెట్టాను. చేయి కడుక్కోడానికని వెళ్లి దారి తప్పి వెనకవైపు తేలాను. హోటళ్లు తడి చెత్త, పొడి చెత్త విడదీయాలనీ, తడి చెత్తని వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువో గ్యాసో చేసుకోవాలనీ 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే రాశారు. ఏర్పాటు ఉంది, కాదనను. ఎరువు తయారుచేసే యంత్రం బీరువాలా నిగనిగలాడుతోంది, దాని మీద వంటవాళ్ల ఏప్రాన్లు ఆరేసి ఉన్నాయి. హోటలు తెరిచిన కొత్తలో పక్క ఊరి గేదెల ఆసామి సైకిలుకి రెండు డబ్బాలు కట్టుకొచ్చి కుడితి పట్టుకెళ్లేవాడట. కుడితి డబ్బాలు గెస్టుల కంట పడితే బాగోదని మాన్పించేశారు. ఇప్పుడు రాత్రిపూట వ్యాను వస్తుంది. ఎక్కడికెళ్తుందని అడిగితే "ప్రాసెస్‌కి" అన్నారు. ప్రాసెస్ అనే ఊరు మన జిల్లాలో ఎక్కడుందో ఎవరైనా చెప్తే చూసొస్తాను.

నూనె సంగతి పెద్దగా ఎత్తను, మావయ్య లాడ్జి కింద ఉన్న బజ్జీల కొట్టువాడు నాకు స్నేహితుడు. కాగిన నూనెలో చెడు పదార్థాల మోతాదు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై నుంచి ఆహార భద్రతా సంస్థ నిబంధన. అందరూ "మళ్లీ వాడండి, మళ్లీ వాడండి" అని మొత్తుకుంటున్న కాలంలో, మనవాళ్లు స్వచ్ఛందంగా మళ్లీ మళ్లీ వాడుతున్న ఒకే ఒక్క వస్తువు మీద అభ్యంతరం చెప్పారు.

ఆ హోటలు నుంచి మేం తువ్వాలు తేలేదు, ఆమాత్రం పరువుంది. కార్డు మాత్రం ఎలాగో మా ఆవిడ పెట్టెలోకి వచ్చింది. మా ఇంట్లో అప్పడాలు వేగి, మర్నాడు వడలు వేగి, మూడో రోజు కోసం ఆగిన నూనె గిన్నె మీద అది మూతగా ఉండేది, కొంగలు పైకి చూస్తూ. పోయిన నెల పెదమావయ్య మా ఇంటికొచ్చి, అది చూసి, నూనె జిడ్డు పంచె అంచుతో తుడిచి, నమూనాకని పట్టుకుపోయాడు. ప్రెస్సువాడితో బేరమాడి పద్దెనిమిది కార్డులు కొట్టించాడు, లామినేషన్‌తో సహా.

మొదటి రోజే ఏడో నంబరు గదిలో దిగినాయన కార్డు చేత్తో పట్టుకుని కౌంటరు దగ్గరికి దిగొచ్చాడట.

"ఏమండీ, ఇక్కడ తువ్వాలు కొక్కేనికి తగిలించమని రాశారు. తువ్వాలేదీ?"

"తెచ్చుకోలేదేటి బాబూ?" అన్నాడట మావయ్య.