అమ్మ మోకాలికి బీమానా, చేతి సొమ్మా?

అమ్మకు 67 ఏళ్లు. కుడి మోకాలు మార్చక తప్పదని డాక్టర్ తేల్చేశారు. నాలుగేళ్లు దాటిన 5 లక్షల ఆరోగ్య బీమా ఉంది. దాన్ని వాడాలా, సొంత డబ్బు కట్టాలా అన్న దగ్గర అక్కకూ తమ్ముడికీ పడలేదు.

తమ్ముడు: అక్కా, ఆ పాలసీని నమ్ముకుని అమ్మను ఆస్పత్రిలో చేర్చొద్దు. రెండున్నర లక్షలకు ప్యాకేజీ అంటున్నారు. నా ఎఫ్‌డీ తీసి కట్టేస్తాను.

అక్క: అది పాప కాలేజీకి దాచిన డబ్బురా. నాలుగేళ్లు ప్రీమియం కట్టి, తీరా అవసరం వచ్చాక పాలసీని పక్కన పెడతామా?

తమ్ముడు: కట్టినంత మాత్రాన ఇస్తారా? పాలసీ తీసుకోకముందే అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి. పాత జబ్బంటూ కొట్టేస్తారు.

అక్క: ఆ నొప్పుల సంగతి ప్రపోజల్ ఫారంలో నేనే దగ్గరుండి రాయించాను. ప్రీమియం పెరుగుతుంది, వద్దని ఏజెంట్ చెప్పినా వినలేదు. మన పాలసీలో కీళ్ల మార్పిడికి రెండేళ్లు, పాత జబ్బులకు నాలుగేళ్లు ఆగాలి. రెండూ దాటాయి. ఇప్పుడు కొత్తగా తీసుకునేవాళ్లకైతే పాత జబ్బులకు మూడేళ్లకు మించి ఆపకూడదని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన మార్చింది. వరుసగా అయిదేళ్లు కట్టాక, మోసం రుజువైతే తప్ప, జబ్బు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చడానికి లేదు. మనకింకా అయిదేళ్లు నిండలేదు కాబట్టే ఆ ఫారం కాపీ జాగ్రత్త చేశాను.

తమ్ముడు: సరే, ఒప్పుకుంటారనే అనుకుందాం. ఎంత ఇస్తారు? రూమ్ రెంట్ లిమిట్ బీమా మొత్తంలో 1 శాతం, అంటే రోజుకు 5 వేలు. నువ్వేమో అమ్మకు 8 వేల సింగిల్ రూమ్ అంటున్నావు. పైన మూడు వేలు మనం కట్టుకుంటే సరిపోదు. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్, అన్నీ అదే లెక్కన, 8కి 5 వంతులే ఇచ్చి, కోస్తారు. అవి 1,60,000 అయితే ఒప్పుకునేది లక్షే. మిగతా 60 వేలు మన నెత్తిన పడతాయి. ఆ పైన 20 శాతం కో-పే, అంటే ఒప్పుకున్న బిల్లులో మన వాటా. రోబోతో చేస్తే దానికి వేరే సబ్‌లిమిట్, అంటే ఇంతకు మించి ఇవ్వమనే విడి పరిమితి. వాకర్, మోకాలి పట్టీ, గ్లౌజులు రావు. ఏడాది తిరగకముందే ఎడమ మోకాలు కూడా చేయాల్సి వస్తే మిగిలిన సొమ్ము చాలుతుందా? డిశ్చార్జి రోజు అప్రూవల్ కోసం, బీమా క్లెయిములు చూసే టీపీఏ డెస్క్ దగ్గర పడే టెన్షన్ వేరే.

అక్క: రూమ్ మాట నిజం. షేరింగ్ రూమ్ తీసుకుందాం, ఆ కోత ఉండదు. అయినా ఆ కోత ఇంప్లాంటుకు, అంటే లోపల అమర్చే కృత్రిమ కీలుకు, మందులకు, పరీక్షలకు వేయకూడదు. ఆ సంగతి నువ్వు వదిలేశావు. ఇక ఇంప్లాంటు ధర. 2017 ఆగస్టుకు ముందు మామూలు కోబాల్ట్ క్రోమియం మోకాలికి లక్షన్నర పైన పడేది. మందుల ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ దాన్ని 54,720కి దించింది, జీఎస్టీ అదనం. తర్వాత ఆ ధర కొద్దిగా మారింది కానీ గరిష్ఠ పరిమితి పోలేదు. బిల్లులో ఇంప్లాంటు కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, ధర విడిగా చూపించాలి. ప్యాకేజీ అని ఒక్క అంకె చెబితే ఆ మోకాలికి ఎంత తీసుకున్నారో నీకెలా తెలుస్తుంది?

మన లెక్క చూడు. బిల్లు రెండున్నర లక్షలైతే, పాలసీలో రానివి 10 వేలు తీసేయ్. మిగతా 2,40,000లో 20 శాతం కో-పే 48 వేలు. మొత్తం మన చేతి నుంచి 58 వేలు. నీ దారిలో రెండున్నర లక్షలు. క్యాష్‌లెస్, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టడం, అడిగితే గంటలో, డిశ్చార్జికి మూడు గంటల్లో తేల్చాలని 2024 నుంచి నిబంధన ఉంది. అన్యాయంగా తోసిపుచ్చితే ముందు కంపెనీకి రాస్తాం, నెలలోగా తేల్చకపోతే హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజు లేదు.

తమ్ముడు: నిబంధన కాగితం మీద ఉంటుంది. ఆ మూడు గంటలు దాటితే వీల్‌చెయిర్‌లో కూర్చునేది అమ్మ. పోనీ మూడేళ్లు ఆగితే? 70 నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, 5 లక్షల దాకా.

అక్క: మూడేళ్లా! రాత్రి బాత్రూమ్‌కు వెళ్లాలంటే గోడ పట్టుకుని నడుస్తోందిరా. నువ్వు చూడవు కాబట్టి ఆగుదామంటావు.

తమ్ముడు: అదీ అసలు మాట! నేను చూసుకోవడం లేదనేగా? రమ్మంటే రానన్నది అమ్మే.

అక్క: లిఫ్ట్ లేని మూడో అంతస్తుకు ఆ మోకాళ్లతో ఎలా వస్తుంది? డబ్బు కట్టేస్తే నీ వంతు అయిపోయిందనుకుంటున్నావు. ఆపరేషన్ అయ్యాక వారాల తరబడి ఫిజియోథెరపీ. నొప్పికి ఏడుస్తుంటే మోకాలు వంచించాలి. అది ఎవరు చేయిస్తారు?

తమ్ముడు: సెలవు పెట్టి వస్తాను. మొదటి రెండు వారాలు నావి.

అక్క: అయితే ఆ బిల్లులు కూడా దాచు. డాక్టర్ రాసిచ్చిన ఫిజియోథెరపీకి డిశ్చార్జి తర్వాత 60 రోజుల వరకు మన పాలసీ ఇస్తుంది.

తమ్ముడు: సరే, కంపెనీ ముందస్తు అనుమతి (ప్రీఆథరైజేషన్) లేఖ చేతికొచ్చాకే ఆపరేషన్ తేదీ ఖాయం చేద్దాం. లేఖ రాకపోతే ఎఫ్‌డీ తీస్తాను, అప్పుడు అడ్డు రావద్దు. కో-పే డబ్బు నాది.

అక్క: సగం నాది.

తమ్ముడు: అది తర్వాత చూద్దాం. ముందు పాలసీ పీడీఎఫ్ పంపు. సబ్‌లిమిట్ల పేజీ నేనూ చదవాలి.