ఫోటోలో పడినంత మేరకే పార్కు

ఊరి బాగోగులను మురుగుకాలువలతోనూ మంచినీళ్లతోనూ కొలిచే పాత పద్ధతికి ఇక స్వస్తి చెప్పవలసి ఉన్నది. ఎన్ని చోట్ల నిలబడి ఫోటో దిగవచ్చన్నదే ఇప్పటి కొలత. ఆ లెక్కన మహబూబ్‌నగర్‌లోని మా కాలనీ పార్కు ఏ మహానగరపు ఉద్యానవనానికీ తీసిపోదు. తూర్పు గోడ మీద పురి విప్పిన నెమలి బొమ్మ వేయించారు, దాని ముందు కాస్త గడ్డి పెంచారు, ఒక సిమెంటు బల్ల వేసి దాత పేరును ఎంత దూరం నుంచి తీసినా ఫోటోలో పడేంత పెద్ద అక్షరాలతో రాయించారు. కాలనీలో పుట్టినరోజు జరుపుకున్న ప్రతి పిల్లా, పెళ్లి కుదిరిన ప్రతి జంటా, పదవి దక్కిన ప్రతి నాయకుడూ ఆ నెమలి ముందు నిలబడినవారే. కెమెరాను ఒక్క అడుగు ఎడమకు జరిపితే చెత్తకుప్ప, కుడికి జరిపితే గొలుసు తెగిన ఉయ్యాల. ఇవి ఇంతవరకు ఒక్క ఫోటోలోనూ పడలేదంటే మా కాలనీవాసుల నైపుణ్యాన్ని మెచ్చుకోక తప్పదు.

కనుక పురపాలకులకు నా విన్నపం ఏమంటే, నెమలికి ఎదురుగా నేల మీద రెండు పాదాల గుర్తులు పెయింటు వేయించి, అక్కడ నిలబడి చూస్తే కనిపించినంత మేరనే పార్కుగా ప్రకటించాలి. ఊడ్వడం, నీళ్లు పెట్టడం, మొక్కలు నాటడం ఆ మేరకే సరిపెట్టుకోవాలి. ఫోటోలో పడని నేల మీద ప్రజాధనం ఖర్చు చేయడం శుద్ధ దుబారా.

ఇది కొత్త సిద్ధాంతమేమీ కాదు, మన పిల్లలమర్రి చరిత్రే దీనికి సాక్ష్యం. పట్టణానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, సుమారు 700 ఏళ్లుగా, ఎకరాలకొద్దీ ఊడలు దించి నిలబడిన ఆ మర్రికి ఒక పెద్ద లోపం ఉన్నది: ఎంత వెనక్కి జరిగినా అది ఒక్క ఫోటోలో ఇమడదు. చెట్టు ఇమడనప్పుడు మనిషే సర్దుకోవాలి కదా! అందుకే జనం కొమ్మలెక్కి ఊగారు, మానుల మీద తమ పేర్లు చెక్కుకున్నారు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడ్డాక సందర్శకులను ఆపారు. మరుసటి ఏడాది చెదలను చంపే మందును సెలైన్ సీసాల ద్వారా చుక్క చుక్కగా ఎక్కిస్తుంటే, ఆ సీసాలు వేలాడే ఫోటో దేశమంతా తిరిగింది. ఆరోగ్యంగా ఉన్న శతాబ్దాలలో రాని పేరు మంచాన పడ్డాక వచ్చింది. ఆ తరువాత 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీదారులు వచ్చి ఆ చెట్టును చూసి వెళ్లడంతో దాని అందానికి అధికారిక ముద్ర కూడా పడింది. అక్కడే శ్రీశైలం ముంపు నుంచి తరలించి తిరిగి నిలబెట్టిన పాత శివాలయం ఉన్నది. దానికి సెలైన్ ఎక్కించే అవసరం రాలేదు కాబట్టి ఎవరి స్టేటస్‌లోనూ కనబడదు.

నల్లగొండవారి కష్టం ఇంకా పెద్దది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనుక గోడ మీద స్తంభం నీడ పగలంతా చెదరకుండా ఒక్కచోటే నిలుస్తుంది. ఆ నీడ కదలకపోవడమే అక్కడి వింత. అయితే ఫోటోలో ఏ నీడా కదలదు గనుక, మా పార్కులోని కరెంటు స్తంభం నీడకూ దానికీ తేడా తెలియదు. పూర్వపు శిల్పులు వింతను కట్టారే గాని అది పోస్టులో పనికివస్తుందా అని ఆలోచించినట్టు లేదు.

నా ప్రతిపాదనకు ఒక్క అభ్యంతరమే వచ్చింది. పొద్దున నడకకు వచ్చే పెద్దలు ఫోటోలు తీయరట, చుట్టూ తిరుగుతారట, అందువల్ల పార్కు మొత్తం వారి కంటపడుతుందట. ఇలాంటివారు ప్రతి కాలనీలోనూ కొందరుంటారు. వారు తెల్లవారుజామున నాలుగింటికే వచ్చి వెలుగు రాకముందే ఇళ్లకు చేరితే ఏ ఇబ్బందీ ఉండదు. లైట్లు ఎలాగూ నెమలి వైపే బిగించి ఉన్నాయి.