తొమ్మిదో తరగతి గదిలో ఐదో తరగతి పిల్లలు

జూన్‌లో బడి తెరవగానే జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి లెక్కల మాస్టారు వాస్తవ సంఖ్యలు మొదలుపెడతారు. ఎదురుగా నలభై మంది. కొందరు చెప్పకముందే అందుకుంటారు. కొందరు బోర్డు మీది లెక్కను నోట్సులోకి ఎక్కించుకుంటారు, అంతే. వెనక బెంచీల్లో భాగహారం దగ్గరే ఆగిపోయిన పిల్లలుంటారు. మాస్టారికి ఆ సంగతి తెలుసు. కానీ తనిఖీకి వచ్చినవాళ్లు ఆయన్ని అడిగేది 'సిలబస్ ఎంతవరకు వచ్చింది?' అనే. భాగహారం ఎంతమందికి వచ్చిందని అడిగేవాళ్లు లేరు.

ప్రథమ్ సంస్థ జరిపే చదువుల సర్వే 'అసర్'లో భాగంగా 2023లో గ్రామీణ ప్రాంతాల్లోని 14-18 ఏళ్ల పిల్లల్ని పరీక్షిస్తే, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 43 శాతమే. నలుగురిలో ఒకరు సొంత భాషలో రెండో తరగతి స్థాయి పాఠం కూడా తడబడకుండా చదవలేకపోయారు. వీళ్లలో ఎక్కువ మంది బడికో కాలేజీకో వెళ్తున్నవాళ్లే.

దీనికి పరిష్కారంగా చెప్పే పర్సనలైజ్డ్ లెర్నింగ్ అనగానే మనకు ట్యాబ్ గుర్తొస్తుంది. నిజానికి ఆ మాటకు అర్థం, పిల్లవాడు ఎక్కడ ఆగాడో అక్కణ్నుంచి పాఠం ఎత్తుకోవడం. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. అందరి చేతిలో అదే ఎనిమిదో తరగతి పాఠం ఉంటే, బోర్డు మీది పాఠం ట్యాబ్‌లోకి వచ్చిందంతే. అదే రాష్ట్రంలో కొన్ని ప్రభుత్వ బడుల్లో నడుస్తున్న పర్సనలైజ్డ్ అడాప్టివ్ లెర్నింగ్ వేరే పద్ధతి. పిల్లవాడి జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది. తప్పితే కింది మెట్టుకు, వస్తే పై మెట్టుకు. నోబెల్ గ్రహీత మైఖేల్ క్రెమర్ లాంటి ఆర్థికవేత్తలు దీన్ని అధ్యయనం చేస్తున్నారు.

ఈ పద్ధతి పనిచేస్తుందనడానికి నాకు బలంగా కనిపించే ఆధారం ఢిల్లీది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ అక్కడి ప్రభుత్వ బడుల పిల్లలు 619 మందితో చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకున్నారు. ఒకే గదిలో ఐదారు తరగతుల స్థాయిల వాళ్లు కనిపించారు. బడి అయ్యాక విడిగా ఒక సెంటర్లో రోజూ గంటన్నర: సగం సేపు ఇలా స్థాయిని బట్టి పాఠం మార్చే కంప్యూటర్ ముందు, సగం సేపు ఒక టీచర్ దగ్గర చిన్న బృందంగా. నాలుగున్నర నెలలకే లెక్కల్లో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల (పిల్లల మార్కుల మధ్య తేడాలను కొలిచే ప్రమాణం) మేర లాభం వచ్చింది. అంత తక్కువ కాలానికి ఇది చాలా ఎక్కువ. మరోపక్క, ఈ సాయం దొరకని పిల్లల్లో బాగా వెనకబడినవాళ్లు అదే కాలంలో దాదాపు ఏమీ ముందుకు కదల్లేదు.

నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం అదే అధ్యయనంలోని ఇంకో ఫలితం. సెంటర్లో బాగా నేర్చుకున్న వెనకబడిన పిల్లల మార్కులు బడి పరీక్షల్లో పెరగలేదు. రెండో తరగతి స్థాయి నుంచి నాలుగుకు ఎక్కిన పిల్లవాడికి ఏడో తరగతి ప్రశ్నపత్రం ఇస్తే అది ఎక్కడ కనపడుతుంది? వాడు ఎక్కిన రెండు మెట్లూ ప్రోగ్రెస్ కార్డులో లేవు. అమ్మానాన్నలకు తెలియవు, హెచ్‌ఎంకూ తెలియవు. హైస్కూల్ని మార్చాలనుకునేవాళ్లు ముందు ముట్టుకోవాల్సింది ఆ కార్డునే అని నా నమ్మకం.

అలాగని పిల్లల్ని రోజంతా తెరకు అప్పగించడమూ సరికాదు. అమెరికాలోని కాన్సాస్‌లో 2018-19లో ఇలాంటి ప్రోగ్రాం తెచ్చిన బడుల్లో గంటల తరబడి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న పిల్లలకు తలనొప్పులు మొదలయ్యాయి. వెల్లింగ్టన్‌లో హైస్కూల్ పిల్లలు నిరసనకు దిగారు. ఢిల్లీలో సగం సమయం మనిషిది అన్న సంగతి మరిచిపోకూడదు. అసలు కరెంటే అక్కర్లేని దారి మన దగ్గరే ఉంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ వాళ్లు పల్లె బడుల కోసం పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా, మెట్లుగా విడగొట్టారు. ఎవరి మెట్టు వాళ్లది. అయితే అది ప్రాథమిక బడులకు చేసింది.

హైస్కూల్లో ఇంకో చిక్కు సిగ్గు. పద్నాలుగేళ్ల పిల్లవాడు అందరి ముందు ఎక్కాలు నేర్చుకోవడానికి ఒప్పుకోడు. ట్యాబ్‌కు నేనిచ్చే విలువ ఇక్కడే. ఎవడు ఏ తరగతి లెక్క చేస్తున్నాడో పక్కవాడికి తెలియదు.

ఇక టీచర్లు. స్కూల్ అసిస్టెంట్‌కు, అంటే హైస్కూల్ సబ్జెక్టు టీచర్‌కు, తన సబ్జెక్టు వచ్చు, కానీ గుణింతాలు ఎలా నేర్పాలో ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. శిక్షణ ఇచ్చినా సమయం ఎక్కడిది? తెలంగాణలో 'ఉన్నతి' పేరుతో హైస్కూళ్లకూ కనీస సామర్థ్యాల కార్యక్రమం వచ్చింది. టైంటేబుల్లో ఖాళీ చేసివ్వకపోతే అది కూడా టీచర్‌కు ఇంకో రిజిస్టర్ అవుతుంది.

నిజానికి మన బడి ప్రతి పిల్లవాణ్నీ విడిగా పట్టించుకునే సందర్భం ఒకటుంది. టెంత్ పరీక్షల ముందు వెనకబడినవాళ్ల జాబితా రాస్తారు, ఒక్కో టీచర్‌కు కొందరిని దత్తత ఇస్తారు, పొద్దున్నే ఫోన్ చేసి లేపుతారు. 35 మార్కులు తెప్పించడానికి నాలుగైదు పాఠాలు బట్టీ వేయిస్తారు. ఆ శ్రద్ధ నిజమైనదే, ఆ టీచర్ల కష్టమూ నిజమే. అదే జాబితా, అదే దత్తత ఆరో తరగతి జూన్‌లో జరగాలి. రోజుకు ఒక్క పీరియడ్, ఆరు నుంచి తొమ్మిది దాకా అన్ని తరగతులకూ ఒకే వేళలో, సిలబస్ లెక్కలోకి రాకుండా ఇవ్వాలి. ప్రోగ్రెస్ కార్డులో మార్కుల పక్కన ఇంకో గడి ఉండాలి: జూన్‌లో ఏ మెట్టు మీద ఉన్నాడు, ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నాడు.