వారంలో హాట్ రాడ్ తయారవుతుందా? టీవీ గ్యారేజీల డెడ్‌లైన్ గోల

డిస్కవరీలో కార్ల షోలు చూసినవాళ్లకి ఈ వరుస కంఠతా వచ్చేసి ఉంటుంది. తుప్పు పట్టిన బండి షెడ్డుకొస్తుంది, ఓనరు అసాధ్యమైన తేదీ ఒకటి చెప్తాడు, కుర్రాళ్లు తలలు పట్టుకుంటారు, సరిగ్గా కావాల్సిన పార్టే రాదు, ఇద్దరు అరుచుకుంటారు, యాడ్ బ్రేక్. చివరి రోజు పెయింటు ఆరీ ఆరకముందే బండి బయటికొస్తుంది, ఎవరో ఒకరు ఏడుస్తారు. 2004లో మొదలైన 'అమెరికన్ హాట్ రాడ్' ఈ పద్ధతిని బాగా పాపులర్ చేసింది. హాట్ రాడ్ అంటే వేగం కోసం విప్పి, మార్చి కట్టిన పాత కారు. కాలిఫోర్నియాలోని లా హబ్రాలో హాట్ రాడ్లు కట్టే బాయ్డ్ కాడింగ్టన్ షాపు, ఆయన కోపం, గోడ మీద తేదీ, అంతే సరుకు. నేనూ ఎగబడి చూశాను, అది వేరే విషయం.

ఈ షోల్లో గొడవలు నిజమా, స్క్రిప్టా అని జనం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. నాకు ఆ గొడవ పట్టదు. నా కంప్లయింట్ ఏంటంటే, ట్రెడిషనల్ హాట్ రాడ్ కట్టడంలో ఒరిజినల్ టెన్షన్ బోలెడంత ఉంది, టీవీ వాళ్లు దాన్ని పక్కన పారేసి బయటి నుంచి డెడ్‌లైన్ ఒకటి తెచ్చి అతికించారు.

ఫోర్డ్ 1932లో సామాన్యుడికి అందే ధరలో ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్ ఇచ్చింది. 221 క్యూబిక్ అంగుళాలు, 65 హార్స్‌పవర్. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డులు చవగ్గా కొనుక్కుని, మడ్‌గార్డులు పీకేసి, బరువు తగ్గించి, మ్యూరాక్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పరుగు పెట్టించేవాళ్లు. ఆ రేసుల్ని ఒక దారిలో పెట్టడానికి 1937లో ఎస్‌సీటీఏ (సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్) అనే సంఘం కూడా పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులతో ఈ పిచ్చి ఇంకా ముదిరింది. ఇవాళ ట్రెడిషనల్ అనేవాళ్లు పెట్టుకున్న నియమం ఒక్కటే: ఆనాటి కుర్రాడికి దొరికే పార్టులతో, ఆనాటి పద్ధతిలోనే కట్టాలి. ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ కుదరదు, కంప్యూటర్‌తో కోసిన అల్యూమినియం చక్రాలు అసలే కుదరవు. తమాషా ఏంటంటే కాడింగ్టన్ పేరు తెచ్చుకున్నదే ఆ నున్నటి అల్యూమినియం చక్రాలతో.

ఈ నియమంలోనే ఎంత కథ ఉందో చూడండి. ఫ్లాట్‌హెడ్ అని పిలిచే ఆ పాత ఫోర్డు వీ8లో పొగ బయటికెళ్లే దారి బ్లాక్ (సిలిండర్లుండే ఇనుప దిమ్మ) లోపలి నుంచే ఉంటుంది, అందుకే వేడెక్కిపోతుంది, ఏళ్ల తరబడి అలా కాగిన బ్లాక్ వాల్వు సీటుకీ సిలిండరుకీ మధ్య పగులుతుంది. డబ్బు పోసి బ్లాక్ కొని, విప్పి, కడిగి, పరీక్ష చేయిస్తే గానీ ఆ పగులు బయటపడదు. పడిందా, ఇంకో బ్లాక్ వెతుక్కోవాల్సిందే. ఇంతకంటే సస్పెన్స్ ఏం కావాలి?

బండి పొట్టిగా కనిపించేలా పైకప్పు కిందికి దించే పని టీవీకి ఇంకా నయం, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది. స్తంభాల్లోంచి మూడు అంగుళాలు కోసి కప్పు దించేస్తే అయిపోదు. కారు పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి దించిన కప్పు కింది స్తంభాల మీద సరిగ్గా కూర్చోదు. స్తంభాల్నైనా వంచాలి, కప్పునైనా కోసి మధ్యలో ముక్క వేయాలి. తలుపుల పైభాగాలూ అంతే కోయాలి, అద్దాలూ కొత్తగా కోయించాలి. ఆ అతుకుల మీద ఇప్పటి ప్లాస్టిక్ లప్పం కాదు, సీసం పూస్తారు. సీసంలో తగరం కలిపిన కడ్డీని మంటతో వేడి చేస్తే సుమారు 183 నుంచి 255 డిగ్రీల సెల్సియస్ మధ్య వెన్నలా మెత్తగా ఉంటుంది, మైనం రాసిన చెక్క తెడ్డుతో దాన్ని సర్దాలి. వేడి కాస్త ఎక్కువైతే నేల మీదకి జారిపోతుంది, లేదా రేకు వంకరపోతుంది. ఇదంతా టీవీలో ఎంతసేపు చూపిస్తారు? నిప్పురవ్వలు, గిటార్ మ్యూజిక్, మూడు సెకన్లు.

కార్ల డిజైనర్ చిప్ ఫూజ్ సంగతే తీసుకోండి. 'ఓవర్‌హాలిన్' షోలో ఆయన టీమ్ ఓనరుకి తెలియకుండా బండి తెచ్చి వారం రోజుల్లో దాని రూపం మార్చేసేది, పాపం ఓనరు తన బండి పోయిందనుకుని ఏడుస్తుండేవాడు. అదే ఫూజ్ చేతిలో తయారై, అమెరికాలో కస్టమ్ కార్లకిచ్చే పెద్ద బహుమతులు 'అత్యంత అందమైన రోడ్‌స్టర్' (పైకప్పు లేని కారు) అవార్డు, రిడ్లర్ అవార్డు రెండూ కొట్టిన 1936 ఫోర్డు 'ఇంప్రెషన్' మాత్రం ఏళ్ల పని. ఒకే మనిషి, ఒకే చేతులు. ప్రేక్షకుడికి తెలిసింది మాత్రం వారం లెక్కే.

డబ్బు కోణం కూడా ఉందిలెండి. 2012లో వచ్చిన 'ఫాస్ట్ ఎన్ లౌడ్' షోలోని గ్యాస్ మంకీ గ్యారేజ్ పేరు మీద డల్లాస్‌లో బార్ కూడా వెలిసింది, టీషర్టుల సంగతి చెప్పక్కర్లేదు. కారే ప్రకటన అయినప్పుడు అది తొందరగా పూర్తవ్వాలి, తొందరగా అమ్ముడుపోవాలి. సీసం చల్లారేదాకా ఎవడు ఆగుతాడు?

ఇవి చూసి మనవాళ్లు కొందరు బండి మార్పించడానికి ఆటోనగర్ వైపు పరిగెత్తారు. కానీ మన దేశంలో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లు మార్చడానికి వీల్లేదని 2019లో సుప్రీంకోర్టూ చెప్పింది. కాలిఫోర్నియాలో అయితే ఏటా 500 సొంతంగా కట్టిన బండ్లకు పొగ నిబంధనల్లో మినహాయింపు ఇస్తారు. ఆ తేడా షోలో ఎవరూ చెప్పరు. మన విజయవాడ టింకరింగ్ మేస్త్రీలు మాత్రం ఆ షోల్లో కుర్రాడు సుత్తి పట్టుకున్న తీరు చూడగానే ఎవరికి పని వచ్చో చెప్పేస్తారు.

ట్రెడిషనల్ వాళ్లు ఇప్పుడు యూట్యూబ్‌లో సర్దుకున్నారు. పెన్సిల్వేనియాలోని ఐరన్ ట్రాప్ గ్యారేజ్ వీడియోల్లో పాత పార్టుల సంతలో బేరమాడటం కూడా కథే. ఎవరూ అరవరు, అయినా జనం చూస్తున్నారు. టీవీ వాళ్లకి ఇంకా ధైర్యం ఉంటే ఒక సీజన్ మొత్తం ఒకే ఒక 1932 ఫోర్డు కూపేకి (రెండు తలుపుల కారు) ఇవ్వమనండి, డెడ్‌లైన్ లేకుండా, ఆ బ్లాక్ పగిలిందో లేదో మూడో ఎపిసోడ్ దాకా చెప్పకుండా.